తదితరులు అంటే ఎవరండీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మీ పత్రిక మాకు పాతపట్నం మీదుగా వస్తుంది. ఒక్కోరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ చేతికందదు, అయినా మానలేదు. పిల్లలు బళ్ళో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, ఇంట్లో నాలుగు తెలుగక్షరాలు కనబడాలంటే ఈ పేపరే ఆధారం. ఆ చనువుతోనే కొంచెం గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీ పేపర్లోంచి కత్తిరించిన రెండు ముక్కలు నా ముందున్నాయి. ఒకటి ఆ మధ్య సినిమా పేజీలో అట్టడుగున వేసిన నాలుగు లైన్లు. అమెరికాలో ఫూ ఫైటర్స్ అనే రాక్ బ్యాండు తన డ్రమ్మర్ జాష్ ఫ్రీస్‌ని తీసేసిందని వార్త, పైన 'డ్రమ్మర్‌కు ఉద్వాసన' అని హెడ్డింగు. రెండోది మా పక్క ఊళ్ళో జరిగిన గైరమ్మ సంబరం వార్త. అందులో కమిటీ పెద్దల పేర్లు పదకొండున్నాయి, లెక్కపెట్టాను. జ్యోతి వెలిగించినాయన, శాలువా కప్పినాయన, కప్పించుకున్నాయన, మైకు విరాళమిచ్చినాయన. పాడిన ఇద్దరి పేర్లూ వేశారు, సంతోషం. ఆ తర్వాత 'తదితరులు పాల్గొన్నారు' అని చుక్క పెట్టేశారు. ఆ తదితరుల్లో నేనొకణ్ణి. రాత్రి తొమ్మిదిన్నరకి ప్యాడ్ (పుల్లలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ము) ముందు నిలబడితే తెల్లారగట్ల మూడుంబావుకి స్టాండు మడిచాను, మధ్యలో కరెంటు పోయిన ఇరవై నిమిషాలే రెస్టు. నాతో డోలక్, తబలా, గిటారు, కీబోర్డులు ఇద్దరు. మొత్తం ఆరుగురం. మీ పేపర్లో వాయించేవాడి పేరు పడాలంటే వాడి ఉద్యోగం ఊడాలా అండీ?

ఆ జాష్ ఫ్రీస్ సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఉద్వాసన అనే ఒక్క మాటతో సరిపెట్టే మనిషి కాదతను.

1972 డిసెంబర్ 25న ఫ్లోరిడాలో ఓర్లాండోలో పుట్టాడు, పెరిగింది కాలిఫోర్నియాలో. వాళ్ళ నాన్న స్టాన్ ఫ్రీస్ ట్యూబా వాయించేవాడు. ట్యూబా అంటే పెళ్ళి బ్యాండు మేళంలో ఒంటికి చుట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకా జాతిదే. ఆయన డిస్నీల్యాండ్ పార్కులో బ్యాండు మాస్టరు. అమ్మ పియానో. తమ్ముడు జేసన్ గ్రీన్ డే అనే పెద్ద బ్యాండుతో కీబోర్డు, శాక్సఫోన్ వాయిస్తాడు. ఇంటిల్లిపాదికీ అదే బతుకుతెరువన్నమాట. జాష్ 12 ఏళ్ళకే ఆ డిస్నీల్యాండులోనే, అప్పటి హిట్ పాటలు వాయించే ఓ బృందంలో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ మీద జీతానికి కుదిరాడు. నేనూ పన్నెండో ఏటే మొదలుపెట్టాను. నాకు ఇచ్చింది డ్రమ్స్ కాదు, మోయడానికి డోలక్ సంచి.

ఇక్కడ మనవాళ్ళు ఠక్కున అనే మాట ఒకటుంది, 'వాళ్ళ నాన్న ఉన్నాడు కాబట్టి అయిపోయింది' అని. కాదనను. గేటు దాకా నాన్నే తీసుకెళ్ళి ఉంటాడు. మన శివమణి గారి నాన్న ఆనందన్ గారూ మద్రాసులో రిథమ్ వాయించినవారే, కొడుక్కి 2019లో పద్మశ్రీ వచ్చింది. తమన్ వాళ్ళ నాన్న శివకుమార్ గారు సినిమా పాటలకి డ్రమ్స్ వాయించారు, తాత ఘంటసాల బలరామయ్య గారు అక్కినేనికి హీరో వేషమిచ్చిన దర్శక నిర్మాత, తమన్ కూడా మొదట డ్రమ్మరే. కానీ వాయిద్యం దగ్గర ఒక చిక్కుంది. నాన్న పేరు చెప్పి మొదటి కాల్షీటు దొరుకుతుంది, రెండో కాల్షీటు దొరకదు. హీరో కొడుకు మొదటి సినిమా పోయినా మూడో సినిమా తీస్తారు. డ్రమ్మరు లయ తప్పితే పావుగంటలో అందరికీ తెలిసిపోతుంది, ఫోను మళ్ళీ మోగదు. జాష్ వాయించిన ఆల్బమ్స్ నాలుగొందలు దాటాయంటారు. నాలుగొందలసార్లు ఏ నాన్న సిఫార్సు చేస్తాడండీ?

సెషన్ వాద్యకారుడంటే ఏంటో మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. బ్యాండులో మెంబరు కాడు, పిలిస్తే వస్తాడు. స్టూడియోలో పాట ఒకసారి వినిపిస్తారు, కాగితం మీద వాడి గుర్తులు వాడు రాసుకుంటాడు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ లేవాలి అని. చెవిలో క్లిక్ మోగుతుంటుంది, గోడ గడియారం టిక్కు టిక్కు లాంటిదే, దానికి వెంట్రుకవాసి ముందూ వెనకా కాకుండా వాయించాలి. కష్టమంతా ఆ తర్వాతే, క్లిక్‌కి అతుక్కుపోయి వాయిస్తే పాట చెక్కబొమ్మలా అయిపోతుంది, కాబట్టి అతుక్కోకుండానే తప్పకుండా వాయించాలి. రెండో టేకుకో మూడో టేకుకో అయిపోవాలి. అక్కడ యూనియన్ లెక్కలో ఒక సెషన్ అంటే మూడు గంటలు, ఆపైన వాయిస్తే ఆపైన డబ్బు. డ్రమ్స్ సాధారణంగా ముందు రికార్డు చేస్తారు, గిటార్లూ గొంతులూ తర్వాత దాని మీద కడతారు. పునాది వంకరైతే గోడ సంగతి చెప్పేదేముంది. జాష్ ఇలా ఒక వారం గట్టి రాక్ పాటకి, ఇంకో వారం ఆడపిల్లలు పాడే మెత్తటి పాప్ పాటకి వాయించుకుంటూ వచ్చాడు. 2003లో ఇవనెసెన్స్ అనే బ్యాండు మొదటి ఆల్బమ్ ప్రపంచమంతా మోగిపోయింది, దాని మీద డ్రమ్స్ ఇతనివే. స్టింగ్ అనే గాయకుడితో టూర్లు తిరిగాడు, వీజర్ అనే బ్యాండుతో తిరిగాడు, 1996లో డీవో అనే బ్యాండుతో వాయించడం మొదలుపెట్టాడు, ద వాండల్స్ అనే పంక్ బ్యాండులో ఇంకా ముందు నుంచే ఉన్నాడు, నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండుతో 2005 నుంచి 2008 దాకా వాయించాడు.

ఈ పని నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం మా నాన్న. ఆయన పద్య నాటకాలకి హార్మోనిస్టు. అప్పట్లో ఇటు టెక్కలి నుంచి అటు గుణుపురం దాకా పండగ నాటకమంటే కాంట్రాక్టరు ఒకడుంటాడు, కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, అర్జునుణ్ణి ఇంకో ఊరి నుంచి, హార్మోనియం మా ఇంటి నుంచి తెప్పిస్తాడు. అందరూ సాయంత్రం ఏడింటికి ఆ ఊరి బడి వరండాలో మొహాలకి రంగేసుకుంటూ మొదటిసారి కలుస్తారు. రిహార్సల్ లేదు, ఏమీ లేదు. నాన్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి 'బాబూ, ఏ శ్రుతి?' అని అడిగి, చిన్న కాగితం మీద కోపింగు పెన్సిలుతో రాసుకుని హార్మోనియం మూత లోపల గుండుసూదితో గుచ్చుకునేవాడు. కృష్ణుడు నాలుగున్నర, అర్జునుడు ఐదు, చంద్రమతి అయితే మరోటి. ఆ కాగితాలు ఇప్పటికీ ఆ పెట్టెలో కొన్నున్నాయి, రంగు పోయి పసుప్పచ్చగా. ఎవడు రాగం ఎంతసేపు లాగుతాడో, ఎవడు 'వన్స్‌మోర్' కోసం ఆగుతాడో, ఎవడికి మందు ఎక్కువైతే మూడో పాదం మర్చిపోతాడో, అన్నీ ఆయనకి తెలియాలి. మర్చిపోయినప్పుడు హార్మోనియం మీద ఒక చిన్న మెట్టు ఎక్కి దిగేవాడు, ఆ సందులో వాడికి మాట గుర్తొచ్చేది. జనం చప్పట్లు కృష్ణుడికి కొట్టేవారు.

నేను మొదటిసారి డోలక్ పట్టుకుని ఆయన పక్కన కూర్చున్న రాత్రి దరువు తొందరపడిపోతోంది, భయమేసి. ఆయన నా వైపు తిరక్కుండానే, వేళ్ళు మెట్ల మీదే ఉంచి, 'ఒరే, నీ సేతులేటి సూస్తావు, ఆడు ఊపిరెక్కడ తీస్తన్నాడో సూడు' అన్నాడు. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ పాడేవాళ్ళ చేతుల వైపూ మొహం వైపూ చూడను, భుజాలు చూస్తాను.

జాష్ కథలో నాకు బాగా మనసుకి పట్టింది గన్స్ ఎన్ రోజెస్ అనే రాక్ బ్యాండు ఘట్టం. 1997లో చేరాడు, ఆ బ్యాండు ఒక ఆల్బమ్ తీస్తోంది, తీస్తోంది, తీస్తూనే ఉంది. ఇతను రెండు మూడేళ్ళు వాయించి వెళ్ళిపోయాడు. తర్వాత బ్రెయిన్ అనే ఇంకో డ్రమ్మర్ని తెచ్చి, జాష్ వాయించినదంతా దెబ్బకి దెబ్బ స్వరాల కాగితం మీదకి ఎక్కించి, అదే మళ్ళీ వాయింపజేశారు. ఆల్బమ్ 2008లో వచ్చింది. ఒక మనిషి వాయింపు బాగుంది, చేతులు మాత్రం వేరేవాడివి కావాలి. చిత్రం కదూ. కానీ ఒకటి చెప్పాలి, టైటిల్ పాట కట్టినవాళ్ళ జాబితాలో జాష్ ఫ్రీస్ పేరు అచ్చయింది, ఎవరూ కొట్టేయలేదు. మనిషి వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయినా పేరు ఉంచారు. మనం వాయించిన తెల్లారికే కొట్టేస్తున్నాం.

ఇక మీరు వేసిన నాలుగు లైన్ల సంగతి. ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ 2022 మార్చి 25న కొలంబియాలో, టూరు మధ్యలో, బొగోటాలో హోటల్ గదిలో చనిపోయాడు. యాభై ఏళ్ళు. జనానికి ఎంతో ఇష్టమైన మనిషి. అలాంటివాడి ఖాళీలో కూర్చోవడం ఎంత టెన్షనో వాయించేవాళ్ళకే తెలుస్తుంది, ఏం వాయించినా 'అతనైతేనా' అంటారు. 2023 మే నెలలో ఒక వీడియోలో కొత్త డ్రమ్మర్ని చూపించారు. అదీ తమాషాగా. బ్యాండంతా కూర్చుని ఉంటుంది, ఒక్కొక్క పేరుమోసిన డ్రమ్మరూ లోపలికొచ్చి ఏదో పనికిమాలిన మాట చెప్పి వెళ్ళిపోతాడు. ఒకడు బయట కారు అడ్డంగా ఉందంటాడు, ఒకడు తిండి పొట్లాలు తెచ్చానంటాడు, ఇంకొకడు కుక్కలకి స్నానం చేయించానంటాడు. చివర్న డ్రమ్స్ వెనక నుంచి జాష్, ఇక పాటేదైనా వాయిద్దామా అన్నట్టు అడుగుతాడు. మా తమ్ముడి కొడుకు ఫోన్లో చూపిస్తే నేను పడీపడీ నవ్వాను. మాకూ అంతే కదా, స్టేజీ మీద గంటసేపు సన్మానాలు జరుగుతుంటాయి, మేం వెనక ప్యాడ్ మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాం.

రెండేళ్ళు వాయించాక 2025 మేలో ఫోన్ చేసి వద్దన్నారు. కారణం చెప్పలేదని అతనే రాశాడు. నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను, ఏ బ్యాండూ నన్ను తీసేయలేదు, కోపం లేదు గానీ షాకయ్యాను అన్నాడు. ఆ తర్వాత చేసిన పని చూడండి, నన్ను ఎందుకు తీసేసి ఉంటారు అని పది కారణాల లిస్టు తయారుచేసి నవ్వుతూ జనంలోకి వదిలాడు. మీరు ఉద్వాసన దగ్గర ఆపేశారు. ఆ తర్వాత రెండు నెలలకి ఏమైందో వేయలేదు. నైన్ ఇంచ్ నెయిల్స్ డ్రమ్మర్ ఐలాన్ రూబిన్ వెళ్ళి ఫూ ఫైటర్స్‌లో చేరాడు, అతను ఖాళీ చేసిన చోటికి జాష్‌ని పిలిచారు, 2005లో తాను వాయించిన బ్యాండుకే. ఆగస్టులో ఓక్లాండ్ కచేరీలో కూర్చుని వాయించేశాడు కూడా. ఇటువాడు అటు, అటువాడు ఇటు.

పద్య నాటకం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. మా వైపు ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉంటారు. పడగ్గది సీనులో ఒకాయన, రాయబారంలో ఇంకొకాయన. కిరీటం ఒక్కోసారి ఒకటే, వేడి చల్లారకుండా ఒకరి తల మీంచి ఇంకొకరి తల మీదకి వెళ్ళేది. జనం ఇద్దరికీ వన్స్‌మోర్ కొట్టేవారు, మొదటాయనకి ఉద్వాసన అయిందని ఎవడూ అనేవాడు కాదు.

జాష్‌ని నేను దేవుణ్ణి చేయడం లేదు. నిజం చెప్పాలంటే అతని వాయింపులో కొంత నాకు నచ్చదు, మరీ కడిగిన పళ్ళెంలా ఉంటుంది, నాకు కాస్త మట్టి ఉండాలి, తప్పెటగుళ్ళు వాళ్ళు గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని ఎగురుతూ కొడతారే, ఆ మోత చెవిలో ఉన్నవాణ్ణి. ఇంకో సంగతి, 2009లో తన సొంత ఆల్బమ్ అమ్మడానికి ధరల పట్టిక పెట్టాడు, 7 డాలర్ల నుంచి 75,000 డాలర్ల దాకా. 50 డాలర్లు పెట్టి కొంటే తనే స్వయంగా ఫోన్ చేసి థాంక్స్ చెప్తాడట. వెటకారమే అనుకోండి, కానీ అందులో మంట ఉంది. వందల ఆల్బమ్స్ వాయించినవాడి గొంతు ఎలా ఉంటుందో ఎవడికీ తెలియదు, అందుకని ఫోన్ చేస్తానన్నాడు. నాకలా అర్థమైంది.

అతనికి ముందు తరంలో లాస్ ఏంజెలెస్‌లో హాల్ బ్లెయిన్ అనే ఆయన ఉండేవాడు, 2019లో తొంభై ఏళ్ళకి పోయాడు. 1960లలో రేడియోలో మోగిన అమెరికా పాటల్లో సగం ఈయనా, ఈయన జట్టువాళ్ళూ వాయించినవే అన్నా తప్పులేదు, రికార్డు అట్టల మీద మాత్రం చాలావాటిలో వీళ్ళ పేర్లు ఉండేవి కావు, బ్యాండు కుర్రాళ్ళే వాయించారని జనం అనుకునేవారు. ఆయన ఏం చేశాడంటే ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు, 'హాల్ బ్లెయిన్ మళ్ళీ కొట్టాడు' అనే అర్థం వచ్చేలా. తను వాయించిన స్వరాల కాగితాల మీద ఆ ముద్ర గుద్ది వచ్చేవాడు. మా నాన్నకి ఈ సంగతి చెప్పే అవకాశం లేకపోయింది, ఆయన పోయాక తెలిసింది నాకు. తెలిస్తే నవ్వేవాడు. మూత లోపల గుచ్చిన ఆ శ్రుతుల కాగితాల్లో అందరి పేర్లూ ఉన్నాయి, తన పేరు తప్ప.

పేపర్లో చోటు ఉండదని మీరంటారు. ఒప్పుకుంటాను, జిల్లా పేజీ సంగతి నాకు తెలీదా. కానీ ఆరు పేర్లంటే రెండు లైన్లు. శాలువా కప్పినవాళ్ళ లైను ఒకటి తగ్గిస్తే సరిపోతుంది. విలేఖరి తప్పు కూడా అనను, ఆ కుర్రాడు కమిటీవాళ్ళు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆ కాగితంలో మేం లేం. స్టేజీ వెనక్కి వచ్చి అడిగితే మేమే చెప్పేవాళ్ళం, టీ కూడా ఇచ్చేవాళ్ళం.

దీనివల్ల నష్టమేంటని అడగొచ్చు. చెప్తాను. డీజే బాక్సులు వచ్చాక మా ప్రోగ్రాములు సగానికి సగం పడిపోయాయి. ఉన్న కాసినిటికీ కమిటీవాళ్ళు సింగర్ని చూసి పిలుస్తారు, సింగర్ తనకి తెలిసినవాళ్ళని తెచ్చుకుంటాడు. మాకు చూపించుకోవడానికి ఏముంది? మా డోలక్ ఆయనకి అరవై దాటాయి, వృద్ధ కళాకారుల పింఛను కోసం అర్జీ పెట్టబోతే ఓ ఆఫీసులో 'మీరు కళాకారుడని రుజువేది, పేపర్ కటింగులున్నాయా' అన్నారు. నలభై ఏళ్ళు వాయించాడు. ఒక్క కటింగు లేదు. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి చూపించాడట, కుడిచేతి చూపుడువేలు పక్కన కాయ కట్టి గోరు వంకర తిరిగిపోయింది. గుమస్తా చేతులు చూసి కటింగులే కావాలన్నాడు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. ఎవరూ పట్టించుకోని సవరల మాట ఆయన చెవిన పెట్టుకుని నిఘంటువు రాశారు. ఆ పని ముందు ఈ పని ఎంత.

అందుకని ఈ ఉత్తరంతో పాటు వేరే కాగితం జతచేస్తున్నాను. ఆ రాత్రి వాయించిన ఆరుగురి పేర్లు, ఎవరు ఏ వాయిద్యమో, ఏ ఊరో రాసి ఉన్నాయి. సవరణ అని చిన్నగా వేసినా చాలు. ఆరుగురికి చోటు లేదంటే డోలక్ ఆయన పేరొక్కటైనా వేయండి, తేదీ కనబడేలా. అది కత్తిరించి ఆయన అర్జీకి గుచ్చుతాను. నా పేరు వేయకపోయినా ఫర్వాలేదు, నాకింకా యాభై దాటలేదు.

ఇట్లు,
ఆ రాత్రి ప్యాడ్ వాయించినవాడు
పర్లాకిమిడి